రంగూన్ – కౌలాలంపూర్: దూరమెంత? కాలమెంత?

రెండు ఊళ్ల నడుమ దూరమెంత అని అడిగితే మన తాతలు మైళ్లు చెప్పేవారు కారు. ఒకరు "రెండామడలు" అనేవారు; మరొకరు "కోడి కూతతో బయలుదేరితే పొద్దు గూకే వేళకు చేరతాము" అనేవారు. మొదటిది దూరం, రెండవది కాలం. ఈ రెండింటినీ ఒకటిగా భావించినంత కాలం కాలినడకకు గాని, ఎడ్లబండికి గాని నష్టమేమీ వాటిల్లలేదు. విమాన ప్రయాణం వచ్చిన తరువాత ఈ రెండూ వేరువేరని తెలియకపోతే ఎంత నష్టం కలుగునో మన కళాశాలలోని ఒక విద్యార్థి కుటుంబానికి అనుభవపూర్వకంగా తెలిసివచ్చినది. ఆ సంఘటనయే మా చేత ఈ వ్యాసం వ్రాయించుచున్నది.

మేము తెలుగు బోధించువారమే గాని భూగోళ శాస్త్రజ్ఞులము కాము. అయినను ఆ విద్యార్థి తరగతిలో లేచి అడిగిన ప్రశ్నకు ఆనాడు మేము వెంటనే సమాధానం చెప్పలేకపోయినాము. గ్లోబును, అట్లాసును ముందు పెట్టుకుని రెండు రాత్రులు కూర్చున్న పిమ్మట తేలిన సంగతులను ఇక్కడ విన్నవించుచున్నాము.

ఒక ప్రశ్న

ఆ విద్యార్థి అన్నగారు మన ప్రాంతంలోని ఒక కర్మాగారంలో సాంకేతిక నిపుణులు. యంత్రాలు అమర్చే పని మీద మూడు వారాల పాటు రంగూన్ వెళ్లినారు. తిరుగు ప్రయాణం నాటి సాయంత్రమే మగ్రిబ్ నమాజు తరువాత ఇంటిలో చెల్లెలి నిఖా. రంగూన్ నుండి కౌలాలంపూర్‌కు ఒక టికెట్టు, అక్కడి నుండి హైదరాబాద్‌కు మరొక టికెట్టు విడివిడిగా కొన్నారు. రంగూన్‌లో ఉదయం 9 గంటలకు విమానం బయలుదేరును. ప్రయాణం 2 గంటల 40 నిమిషాలు. కావున 11 గంటల 40 నిమిషాలకు దిగుదుమనియు, హైదరాబాద్ విమానం మధ్యాహ్నం 1 గంట 45 నిమిషాలకు గనుక నడుమ రెండు గంటల వ్యవధి ఉన్నదనియు ఆయన లెక్క.

విమానం ఆలస్యం కాలేదు. ఆయన చేతి గడియారంలో సరిగా 11 గంటల 40 నిమిషాలకే దిగినది. కాని కౌలాలంపూర్ గోడ గడియారంలో అప్పుడు 1 గంట 10 నిమిషాలు. హైదరాబాద్ విమానపు కౌంటరు అప్పటికే మూసివేసినారు. మరొక టికెట్టుకు ఒక నెల జీతం ఖర్చయినది. ఆ రాత్రి విమానాశ్రయపు బల్ల మీద గడిచినది. నిఖా ఆయన లేకుండానే జరిగిపోయినది. మరునాడు ఆయన ఇల్లు చేరుసరికి చెల్లెలు అత్తవారింటికి వెళ్లిపోయినది.

"భాయిజాన్ లెక్క ఎక్కడ తప్పింది సార్? కూడిక సరిగానే ఉన్నది కదా!" అని ఆ విద్యార్థి అడిగినాడు. కూడిక సరిగానే ఉన్నది. తప్పు కూడికలో లేదు. రెండు వేరు గడియారాలను ఒకే గడియారమని అనుకొనుటలో ఉన్నది.

దూరం లెక్క

ముందుగా దూరాన్ని చూతము. రంగూన్ విమానాశ్రయం నగరానికి ఉత్తరాన మింగలడాన్‌లో ఉన్నది. (ఆ నగరాన్ని 1989 నుండి యాంగోన్ అనియు, దేశాన్ని మయన్మార్ అనియు అధికారికంగా వ్యవహరించుచున్నారు. మన తెలుగువారి నోట నిలిచిన పాత పేరునే మేము వాడుచున్నాము.) దాని స్థానం సుమారు 16.9 డిగ్రీల ఉత్తర అక్షాంశం, 96.1 డిగ్రీల తూర్పు రేఖాంశం. కౌలాలంపూర్ అంతర్జాతీయ విమానాశ్రయం 1998లో సెపాంగ్ వద్ద ప్రారంభమైనది. దాని స్థానం సుమారు 2.7 డిగ్రీల ఉత్తర అక్షాంశం, 101.7 డిగ్రీల తూర్పు రేఖాంశం.

అక్షాంశాల తేడా 14.2 డిగ్రీలు. ఒక్కొక్క అక్షాంశ డిగ్రీకి భూమిపై సుమారు 111 కిలోమీటర్లు. కావున ఉత్తర దక్షిణాలుగా దూరం 1,576 కిలోమీటర్లు. రేఖాంశాల తేడా 5.6 డిగ్రీలు. రేఖాంశ డిగ్రీ భూమధ్యరేఖ వద్ద 111 కిలోమీటర్లు ఉండి, ధ్రువాల వైపు పోయిన కొలది తగ్గుచు చివరకు సున్న అగును. ఈ రెండు నగరాల నడిమి అక్షాంశం వద్ద అది సుమారు 109.5 కిలోమీటర్లు. కావున తూర్పు పడమరలుగా దూరం 613 కిలోమీటర్లు. ఈ రెండింటినీ లంబకోణ త్రిభుజపు రెండు భుజాలుగా తీసుకుని, పాఠశాలలో నేర్చిన పైథాగరస్ సూత్రం ప్రకారం కర్ణాన్ని కనుగొన్నచో 1,691 వచ్చును. అనగా రంగూన్ నుండి కౌలాలంపూర్‌కు ఆకాశమార్గాన దూరం దాదాపు 1,690 కిలోమీటర్లు. కాగితము, పెన్సిలు ఉంటే చాలు, ఈ లెక్క ఎవరైనను చేయవచ్చును.

ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. భూమి గుండ్రనిది గనుక చదునైన త్రిభుజపు లెక్క దగ్గరి ఊళ్లకే సరిపడును. దూరపు ఊళ్లకు గ్లోబు మీద రెండు ఊళ్ల నడుమ దారాన్ని బిగించి లాగి చూడవలెను. ఆ దారం నిలిచిన మార్గమే అన్నింటికంటె దగ్గరి మార్గం. దీనిని మహావృత్త మార్గం అందురు. హైదరాబాద్ నుండి అమెరికాలోని షికాగోకు గోడ పటం మీద గీత గీసినచో అది నేరుగా పడమటికి పోయినట్లుండును. గ్లోబు మీది దారమైతే ఉత్తర ధ్రువ ప్రాంతానికి చేరువగా పోవును. రంగూన్, కౌలాలంపూర్‌లు ఇంచుమించు ఉత్తర దక్షిణాలుగా ఉన్నందున పటానికీ గ్లోబుకూ ఇక్కడ చెప్పుకోదగిన తేడా లేదు.

విమానం ఈ గీత మీదనే తుచ తప్పక పోవునా? పోదు. ఆకాశంలోనూ రహదారులు కలవు; నియమిత స్థానాల మీదుగా, ఆయా దేశాల నియంత్రణ కేంద్రాల అనుమతితో విమానం సాగవలెను. ఈ మార్గం సాధారణంగా అండమాన్ సముద్రం మీదుగా దక్షిణానికి సాగి మలయా ద్వీపకల్పాన్ని చేరును. మేఘాలు, వర్షాలు అడ్డువచ్చినచో పక్కకు తొలగవలసియుండును. అందుచేత నడిచే దూరం కొలత దూరం కంటె కొంత ఎక్కువ.

కాలం లెక్క

జెట్ విమానం ఎత్తున స్థిరంగా సాగునప్పుడు గంటకు సుమారు 800 నుండి 850 కిలోమీటర్లు పోవును. ఆ లెక్కన 1,690 కిలోమీటర్లకు రెండు గంటలు చాలును. కాని నేల మీద మెల్లగా దొర్లుటకు, పైకి ఎక్కుటకు, క్రిందికి దిగుటకు కలిసి మరొక అరగంట, ముప్పావుగంట పట్టును. అందువలననే కాలపట్టికలో రెండున్నర గంటలకు పైగా, మూడు గంటల లోపుగా చూపుదురు. దగ్గరి ప్రయాణాలలో ఈ ఎక్కుట దిగుటల కాలమే పెద్ద భాగమగును. కౌలాలంపూర్ నుండి సింగపూర్‌కు సుమారు 300 కిలోమీటర్లే; అయినను పట్టికలో గంట సేపు చూపుదురు. దూరం అయిదింట ఒక వంతుకు తగ్గినను కాలం ఆ ప్రకారం తగ్గలేదని గమనింపుడు.

ఇక అసలు చిక్కు గడియారాలది. భూమి 24 గంటలలో 360 డిగ్రీలు తిరుగును. అనగా ఒక డిగ్రీకి 4 నిమిషాలు. ప్రతి ఊరూ తన సూర్యుని బట్టి గడియారం పెట్టుకున్నచో రైళ్లు, విమానాలు నడువవు. అందుచేత చాలా దేశాలు ఒక్కొక్క రేఖాంశాన్ని ప్రమాణంగా తీసుకున్నవి. మనది 82.5 డిగ్రీలు, గ్రీనిచ్ కంటె అయిదున్నర గంటలు ముందు. బర్మాది 97.5 డిగ్రీలు, ఆరున్నర గంటలు ముందు. మలేషియాది 120 డిగ్రీలు. ఎనిమిది గంటలు ముందు. కావున మనకూ రంగూన్‌కూ ఒక గంట, రంగూన్‌కూ కౌలాలంపూర్‌కూ గంటన్నర, మనకూ కౌలాలంపూర్‌కూ రెండున్నర గంటల తేడా.

ఈ తేడా వలన ఒక వింత జరుగును. కౌలాలంపూర్‌లో ఉదయం 8 గంటలకు బయలుదేరిన విమానం రంగూన్‌లో 9 గంటల 10 నిమిషాలకు దిగినట్లు పట్టికలో ఉండును. అదే విమానం రంగూన్‌లో 10 గంటలకు బయలుదేరి కౌలాలంపూర్‌లో మధ్యాహ్నం 2 గంటల 10 నిమిషాలకు దిగినట్లుండును. పోవుటకు గంటా పది నిమిషాలు, వచ్చుటకు నాలుగు గంటలా పది నిమిషాలా? కాదు. రెండు వైపులా పట్టినది 2 గంటల 40 నిమిషాలే. టికెట్టు మీద బయలుదేరు వేళ బయలుదేరిన ఊరి గడియారం ప్రకారమూ, చేరు వేళ చేరిన ఊరి గడియారం ప్రకారమూ ముద్రింతురు. ఈ ఒక్క వాక్యం గుర్తుంచుకున్నచో భాయిజాన్ నిఖాకు అందియుండును.

కౌలాలంపూర్ నిజమైన రేఖాంశం 101.7 గదా, 120 ఎందుకైనదని మీకు సందేహం కలుగవచ్చును. మలయా ద్వీపకల్పంలో 1981 చివరి వరకు ఏడున్నర గంటల ప్రమాణమే ఉండెడిది. బోర్నియో ద్వీపంలోని సబా, సరవాక్ రాష్ట్రాలు ఎనిమిది గంటల ప్రమాణాన్ని పాటించుచుండగా దేశమంతటా ఒకే గడియారం ఉండవలెనని 1982 జనవరి 1 నుండి ద్వీపకల్పపు గడియారాన్ని అరగంట ముందుకు జరిపినారు. సింగపూర్ కూడ అదే చేసినది. 1981లో కౌలాలంపూర్‌లో జరిగిన రెండవ ప్రపంచ తెలుగు మహాసభలకు మన దేశం నుండి వెళ్లినవారు గడియారాలను రెండు గంటలు ముందుకు త్రిప్పుకున్నారు. నేడు వెళ్లువారు రెండున్నర గంటలు త్రిప్పుకోవలెను. ఊరు కదలలేదు, సముద్రం పెరుగలేదు. ప్రభుత్వ ఉత్తరువు మాత్రం మారినది. సూర్యుడు మాత్రం ఆ ఉత్తరువును పాటింపడు. అందుచేతనే కౌలాలంపూర్‌లో ఉదయం 7 గంటల ప్రాంతాన గాని పొద్దు పొడవదు. జుహర్ అజాన్ ఒంటిగంట ప్రాంతాన, తరచు అది దాటిన తరువాతనే వినవచ్చును. గడియారం ప్రభుత్వానిది, నమాజు వేళ సూర్యునిది అని ఇంటి గోడ మీది నమాజు పట్టికను చూచిన ప్రతి విద్యార్థికీ తెలియును.

ఈ దారిని నడిచినవారు

ఈ రెండు నగరాలనే మేము ఎన్నుకొనుటకు మరొక కారణం కలదు. రెండింటితోనూ తెలుగువారికి గాఢమైన సంబంధం ఉన్నది. మన సుల్తాన్‌పూర్, కాకినాడ, రంగూన్ ఇంచుమించు ఒకే అక్షాంశం మీద, 17 డిగ్రీలకు అటునిటుగా ఉన్నవి. కాకినాడ ఒడ్డున నిలిచి నేరుగా తూర్పునకు చూచినచో సముద్రానికి ఆవల రంగూన్ సీమయే. గోదావరి ముఖద్వారాన ఉన్న కోరంగి రేవు పేరు మీదుగానే బర్మాలో తెలుగువారిని కోరంగీలని పిలిచిరి. పంతొమ్మిదవ శతాబ్దం చివరి నుండి విశాఖ, గోదావరి జిల్లాల కూలీలు వేలకు వేలుగా రంగూన్ రేవులోను, బియ్యపు మిల్లులలోను పనిచేసిరి. గంటకు పది నాటికల్ మైళ్లు పోవు ఆనాటి ఆవిరి ఓడకు ఈ ప్రయాణం దాదాపు నాలుగు రోజులు. మలయాలోని రబ్బరు, కొబ్బరి తోటలకు వెళ్లినవారు మద్రాసులో ఓడ ఎక్కవలెను. 1926 నుండి సుమారు అర్ధశతాబ్ది కాలం నడిచిన రజూలా అను ఓడ పినాంగు మీదుగా సింగపూర్ చేరుటకు వారం రోజులు పట్టెడిది.

ఉర్దూ చదువుకొను విద్యార్థులకు రంగూన్ మరొక విధంగా పరిచితం. కవిగా, చివరి మొగల్ చక్రవర్తిగా ప్రసిద్ధుడైన బహదూర్ షా జఫర్‌ను 1858 అక్టోబరులో ఢిల్లీ నుండి తరలించి, ఎడ్లబండ్ల మీదను, కలకత్తా నుండి ఓడ మీదను డిసెంబరులో రంగూన్ చేర్చినారు. ఆకాశమార్గాన సుమారు 2,350 కిలోమీటర్లు; విమానానికి నాలుగు గంటల లోపు. ఆ వృద్ధునికి రెండు నెలలు పట్టినది. తిరుగు ప్రయాణం మాత్రం లేదు. 1862 నవంబరు 7న 87వ ఏట అక్కడనే కన్నుమూసినాడు.

1941 డిసెంబరు 23న రంగూన్ పై జపాను బాంబులు పడినవి. 1942 జనవరి 11న కౌలాలంపూర్, మార్చి 8న రంగూన్ జపాను వశమైనవి. ఓడలు దొరకని లక్షలాది భారతీయులు, వారిలో తెలుగువారు ఎందరో, బర్మా నుండి అడవుల వెంట, కొండల వెంట కాలినడకన స్వదేశానికి బయలుదేరిరి. వేలమంది దారిలోనే రాలిపోయినారు. అటు మలయా తోటలలోని కూలీలను జపాను సైన్యం సయాం-బర్మా రైలుమార్గ నిర్మాణానికి తరలించినది. 1943 అక్టోబరులో పూర్తియైన ఆ మార్గం పొడవు 415 కిలోమీటర్లు. కలరా, మలేరియా, ఆకలి, దెబ్బల వలన అక్కడ 12,000కు పైగా యుద్ధఖైదీలు, దాదాపు 90,000 మంది ఆసియా కూలీలు మరణించినట్లు అంచనా. ఆ కూలీలలో తమిళులతో పాటు తెలుగువారు కూడ కలరు. నేటి విమానం అరగంటలో దాటు దూరమది. ఆ ఆక్రమణ కాలంలో మలయాలోను, బర్మాలోను గడియారాలను కూడ టోక్యో కాలానికి మార్చినారు. ఆ మార్గంలో కొంత భాగాన్ని యుద్ధానంతరం ఊడబెరికినారు. నేటికిని కౌలాలంపూర్ నుండి రంగూన్‌కు తెగకుండా సాగు రైలు లేదు.

మన హైదరాబాద్ వాస్తవ్యులు ఆబిద్ హసన్ సఫ్రానీ 1943 ఫిబ్రవరిలో సుభాష్ చంద్ర బోసుతో కలిసి జర్మనీ జలాంతర్గామిలో బయలుదేరి, మడగాస్కర్ సమీపాన నడిసముద్రంలో జపాను జలాంతర్గామిలోకి మారి, మే నెలలో సుమత్రా కొనయైన సబాంగ్ చేరినారు. ఆ ప్రయాణానికి మూడు నెలలు పట్టినది. 1944 జనవరిలో ఆజాద్ హింద్ ప్రధాన కార్యాలయం సింగపూర్ నుండి రంగూన్‌కు మారినది. 1945 ఏప్రిల్ 24న రంగూన్ విడిచిన బోసు బృందం బ్యాంకాక్ చేరుటకు దాదాపు మూడు వారాలు పట్టినది. విమానానికి అది గంట ప్రయాణం.

ఈ లెక్కలన్నిటిలోను భూమి మీద దూరం మారలేదు. మారినది కాలం. కాలాన్ని మార్చినవి యంత్రము, రాజ్యము, చేతిలోని ధనము.

గడప నుండి గడపకు

చివరిగా మరొక మాట. విమానం గాలిలో ఉండు కాలమే ప్రయాణ కాలమని భ్రమపడరాదు. శంషాబాద్ నుండి కౌలాలంపూర్‌కు దాదాపు 3,000 కిలోమీటర్లు. నాలుగు గంటల పైచిలుకు. కాని సుల్తాన్‌పూర్ నుండి శంషాబాద్‌కు బాహ్య వలయ రహదారి మీద యాభై కిలోమీటర్లకు పైగా, గంట ప్రయాణం. అంతర్జాతీయ విమానానికి మూడు గంటల ముందు చేరవలెను. అక్కడ దిగిన తరువాత పాస్‌పోర్టు తనిఖీకి, సామానుకు గంట. సెపాంగ్ నుండి నగరానికి మరల యాభై కిలోమీటర్ల పైమాట. అన్నియు కలిపినచో నాలుగు గంటల ప్రయాణం పది గంటలగును.

మన చుట్టు వైద్య పరికరాల పార్కు వెలసినది. పటాన్‌చెరులో 1972 నుండి ఇక్రిశాట్ ప్రపంచ దేశాల శాస్త్రజ్ఞులను రప్పించుచున్నది. మన విద్యార్థులలో అనేకులు రేపు ఏదో ఒక విమానం ఎక్కువారే. వారికి మేము చెప్పునది మూడు మాటలు: టికెట్టు మీది ప్రతి వేళ ప్రక్కన అది ఏ ఊరి గడియారమో వ్రాసుకొనుడు. రెండు టికెట్లు విడివిడిగా కొన్నప్పుడు మొదటి విమానం ఆలస్యమైనను, మీ లెక్క తప్పినను రెండవ విమానం మీ కొరకు ఆగదని తెలిసికొని నడుమ నాలుగయిదు గంటల వ్యవధి ఉంచుడు. ఇంటిలో శుభకార్యం ఉన్నచో ఒక రోజు ముందే బయలుదేరుడు.

కళాశాల కమిటీ పెద్దలకు మాదొక మనవి. మన గ్రంథాలయంలో గ్లోబు లేదు. ఈ వ్యాసానికి మేము వాడినది పొరుగు పాఠశాల నుండి ఎరువు తెచ్చినది. ఒక పెద్ద గ్లోబును, దాని ప్రక్కన ఒక దారపు ఉండను ఉంచినచో మన పిల్లలు దూరాన్ని తామే కొలుచుకొందురు. ఆ విద్యార్థి అన్నగారు కోల్పోయిన టికెట్టు సొమ్ముతో అటువంటి గ్లోబులు ఎన్నో వచ్చును. చెల్లెలి నిఖా నాటి సాయంత్రం మాత్రం ఏ సొమ్ముకూ తిరిగి రాదు.